జాబితా దిగివచ్చిన దారి

కంప్యూటరు తెరపై పరచిన గడుల పట్టికలో ఒక గడిని తాకినంతనే దాని కుడి యంచున చిన్న బాణపు గుర్తు పొడచూపుట, ఆ గుర్తును నొక్కినంతనే జిల్లాల పేర్లో, పంటల పేర్లో, ఉద్యోగుల హోదాలో వరుసగా క్రిందికి దిగివచ్చి తమలో నొకదానిని మాత్రమే యెన్నుకొమ్మని కోరుట, నేడు కచేరీలలోను పాఠశాలలలోను దుకాణములలోను పనిచేయువారికి నిత్యానుభవము. దీనినే జనులు డ్రాప్‌డౌన్ అనుచున్నారు. వ్రాయువాని చేతికి శ్రమ తగ్గించు సదుపాయముగానే దీనిని సాధారణముగా భావింతురు. దీని పూర్వచరిత్రను పరిశీలించినచో, ఇది వ్రాయువానికంటె లెక్కించువాని కొఱకే పుట్టినదనియు, కంప్యూటరు జన్మించుటకు నూఱేండ్ల ముందే దీని యావశ్యకతను గుర్తించినవారు కలరనియు, జాబితాను కూర్చువాని చేతిలోని యధికారమును దానితోడి బాధ్యతయు నాటినుండి నేటివఱకు అట్లే నిలిచియున్నవనియు తెలియును.

1837లో ఇంగ్లండు, వేల్సులందు జనన మరణముల నమోదు ప్రభుత్వ కార్యముగా ఆరంభమైనది. లండనులోని జనరల్ రిజిస్టర్ ఆఫీసునకు నలుదిక్కులనుండి మరణ వివరములు వచ్చిపడుచుండగా, వానిని క్రోడీకరించు పని వైద్యవిద్య నభ్యసించిన విలియం ఫార్ అను గణాంకవేత్తకు లభించెను. ఒకే వ్యాధి మూడు నాలుగు పేర్లతో కానవచ్చుచుండెను. ఒకే పేరు పలు వ్యాధులకు వర్తించుచుండెను. కొన్ని పత్రములలో వ్యాధి పేరునకు బదులు దాని యుపద్రవము మాత్రమే వ్రాయబడియుండెను. వ్రాసినవారెవరును అసత్యమాడలేదు, ఎవరికి తెలిసిన మాట వారు వ్రాసిరి. అయినను ఆ సత్యములన్నియు కూడి ఒక్క సంఖ్యగా నేర్పడుటకు నిరాకరించుచుండెను. 1839లో వెలువడిన మొదటి వార్షిక నివేదికలోనే ఫార్ ఈ దురవస్థను వివరించి, అందఱు నంగీకరించిన నామావళి యొకటి లేనిదే మరణకారణముల విచారణ ముందుకు సాగదని వాదించెను. ఏ ప్రాంతమున ఏ వ్యాధి యెందఱిని బలిగొన్నదో తేలనిదే దాని నివారణ కెక్కడ పూనుకొనవలెనో పాలకులకు తెలియదు గనుక, ఆయన వాదము శబ్దశాస్త్ర చర్చ కాదు, ప్రాణరక్షణకు సంబంధించినది.

ఆ వాదము సర్వదేశ సమ్మతమగుటకు అర్ధశతాబ్దము పట్టినది. పారిస్ నగరపు గణాంకశాఖ కధిపతియైన జాక్ బెర్టియోన్ 1893లో చికాగోలో జరిగిన అంతర్జాతీయ గణాంక సంస్థ సమావేశమున మరణకారణముల వర్గీకరణమును సమర్పించెను. అందు మూడు పరిమాణముల జాబితాలు కలవు: 44 శీర్షికలది ఒకటి, 99 శీర్షికలది మఱియొకటి, 161 శీర్షికలది ఇంకొకటి. సూక్ష్మభేదములను గుర్తింపగల చోట పెద్ద జాబితాను, అంతటి వసతి లేని చోట చిన్నదానిని వాడుకొనుచునే ఉభయుల లెక్కలను పోల్చి చూచుటకు వీలగునట్లు ఆయన వానిని కూర్చెను. నేను మిక్కిలి గౌరవించునది మఱియొక యంశము: స్పష్టముగా నిర్ణయింపబడని కారణములకు ఆయన ఒక ప్రత్యేక వర్గము నుంచెను. తెలియనిదానిని తెలిసినట్లు ఏదో యొక పేటికలో వేయమని వైద్యుని నిర్బంధింపక, తెలియదని చెప్పుటకు గౌరవప్రదమైన చోటు కల్పించుట జాబితాకర్తల గుణములలో ఉత్తమమైనది. 1900లో పారిస్‌లో తొలి సవరణ జరిగినది. సుమారు పదేండ్ల కొకసారి సవరింపవలెనను నియమమును ఏర్పడినది. 1948లో ఆఱవ సవరణతో ఆ భారము ప్రపంచ ఆరోగ్య సంస్థకు సంక్రమించినది. నేటి వైద్యశాలల కంప్యూటర్లలో వ్యాధి సంకేతముల జాబితా తెరపైకి దిగివచ్చునప్పుడు ఆ వంశమే మన యెదుట నిలుచుచున్నది.

అమెరికాలో 1880 నాటి జనగణన ఫలితములు తేలుటకు ఏడేండ్లకు పైగా పట్టగా, 1890 నాటి గణనకు హెర్మన్ హోలరిత్ యంత్రముతో లెక్కించు రంధ్రముల కార్డులను ప్రవేశపెట్టెను. కార్డుపై ప్రతి రంధ్రస్థానమును ముందే నిర్ణయింపబడిన యొక సమాధానము. దానికి వెలుపల రంధ్రము చేయుటకు తావే లేదు. మనుష్యుని విచక్షణకు విడిచిన నామావళి ఇచ్చట యంత్రనిర్మాణములోనే భాగమైనది.

తెరపై గడుల పట్టికయైన స్ప్రెడ్‌షీటు మాత్రము ఈ క్రమశిక్షణకు విరుద్ధమైన స్వేచ్ఛతో పుట్టినది. 1978లో హార్వర్డు బిజినెస్ స్కూలు విద్యార్థియైన డాన్ బ్రిక్లిన్, నల్లబల్లపై వ్రాసిన లెక్కలలో ఒక సంఖ్య మాఱినప్పుడెల్ల దానిపై నాధారపడిన సంఖ్యలన్నింటిని చెఱిపి మరల వ్రాయవలసి వచ్చుట చూచి, తమంత తామే సరిదిద్దుకొను గడుల పట్టికను ఊహించెను. బాబ్ ఫ్రాంక్‌స్టన్ దానికి ప్రోగ్రాము వ్రాసెను. 1979లో ఆపిల్ 2 కంప్యూటరుపై విసికాల్క్ అను పేర వెలువడిన ఆ పట్టికకు 63 నిలువు వరుసలు, 254 అడ్డు వరుసలు ఉండెను. ఏ గడిలో ఏమి వ్రాసినను అడ్డుపెట్టువాడు లేడు. సంఖ్య వ్రాయవలసిన చోట పేరు వ్రాసినను, పేరులో అక్షరము జాఱినను పట్టిక మౌనముగా స్వీకరించును. ఒంటరిగా లెక్కలు వేసికొను వ్యాపారికి ఆ స్వేచ్ఛ వరమే. ఒకే పట్టికను పదిమంది పంచుకొను కాలము వచ్చునప్పటికి, ఫార్ ఎదుర్కొన్న చిక్కే కచేరీ బల్లలపై మరల తలయెత్తినది.

ఇంతలో తెరపై ఎన్నికచేయు పద్ధతియే వేఱొక దారిన పరిణమించుచుండెను. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనాలయమున స్మాల్‌టాక్ వ్యవస్థలో మౌసును నొక్కినచోట పైకి తేలు మెనూలు అంతకుముందే ఉండెను. ఆపిల్ సంస్థ లీసా కంప్యూటరును నిర్మించుచున్న కాలమున ఆ సంస్థలోని బిల్ అట్కిన్సన్ ఎన్నో రూపములను ప్రయత్నించి, ఒక్కొక్క దశను పోలరాయిడ్ ఛాయాచిత్రములలో భద్రపఱచెను. కొన్ని రూపములలో మెనూ కిటికీ యడుగున ఉన్నది. తుదకు తెర పైయంచున నిలిచిన మాటలను పట్టి లాగినంతనే చుట్టిన చాప విప్పినట్లు ఆజ్ఞల వరుస క్రిందికి జాఱు పద్ధతి స్థిరపడినది. మాటలు గుర్తుంచుకొను భారము మనుష్యునిపై లేకుండ, ఉన్నవన్నియు చూచి ఎన్నుకొను వీలు కల్పించుటయే ఆ రూపకల్పనలోని కరుణ. 1983లో లీసా, 1984లో మాకింటోష్ వెలువడిన పిమ్మట ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినది. 2025 జూన్‌లో దివంగతుడైన అట్కిన్సన్ పేరు నెరుగనివారుకూడ దినమునకు పలుమార్లు ఆయన చేతిపనిని తాకుచునే యున్నారు.

ఫార్ కోరిన నామావళియు అట్కిన్సన్ దించిన వరుసయు స్ప్రెడ్‌షీటు గడిలో ఏకమైనది ఎక్సెల్ 97 లో. డేటా వాలిడేషన్ అను పేర వచ్చిన ఆ సాధనము, ఏ గడిలో ఏమి చేరవచ్చునో ముందే నియమించు నధికారమును పట్టిక యజమానికి ఇచ్చినది. గడులను ఎంచుకొని, డేటా ట్యాబులో డేటా వాలిడేషన్ తెఱచి, అనుమతి యను చోట లిస్ట్ అని నిర్ణయించి, సోర్స్ అను పెట్టెలో పేర్లను కామాలతో విడదీసి వ్రాసినచో చాలును. బాణపు గుర్తు గడిలో వెలయును. ఇట్లు నేరుగా వ్రాసిన వరుస 255 అక్షరములను మించరాదు. అవునో కాదో, పురుషుడో స్త్రీయో ఇతరులో అను కొద్దిపాటి యెంపికలకు ఇది తగును గాని, పెరుగుచు తరుగుచు నుండు పేర్లకు తగదు. వానిని వేఱొక పుటలో నిలువుగా వ్రాసి, ఆ గడుల చిరునామాను సోర్స్‌గా నిచ్చుటయే మేలు. మునుపు వేఱు పుటలోని గడులను సూచింపవలెనన్న వానికొక పేరు పెట్టవలసి యుండెను. ఎక్సెల్ 2010 నుండి ఆ నిర్బంధము తొలగినది. ఆ గడులను టేబుల్‌గా మార్చి, దాని నిలువు వరుస నంతటిని సోర్స్‌గా చూపినచో, క్రింద క్రొత్త పేరు చేర్చినంతనే డ్రాప్‌డౌన్‌లోను అది చేరును. గూగుల్ షీట్స్‌లో ఇన్సర్ట్ మెనూనుండియే డ్రాప్‌డౌన్ పెట్టవచ్చును. ఒక్కొక్క యెంపిక కొక్కొక్క రంగు నిచ్చి, చెల్లింపు పూర్తియైనదానిని ఆకుపచ్చతోను నిలిచియున్నదానిని ఎఱుపుతోను చూపుట కూడ సులభమే.

జాబితాలో లేని మాట వ్రాయబోయినవానిని ఏమి చేయవలెనన్న ప్రశ్నకు ఎక్సెల్ మూడు మార్గములు చూపినది: మొదటిది ఆపివేయును, రెండవది హెచ్చరించి సమ్మతి యడుగును, మూడవది తెలియజేసి యూరకుండును. పెక్కుమంది మొదటిదానిని తప్ప తక్కినవానిని తాకనే తాకరు. క్రొత్తగా కూర్చిన జాబితా విషయమున ఇది తొందరపాటని నా నిశ్చితాభిప్రాయము. క్షేత్రమున పనిచేయువానికి తెలిసిన పంట పేరో, కులవృత్తి పేరో, వ్యాధి లక్షణమో జాబితాకర్త యెరుగకపోవచ్చును. వానిని గట్టిగా ఆపినయెడల అతడు తనకు తెలిసిన సత్యమును విడిచి, దగ్గఱగా తోచిన యసత్యమును ఎన్నుకొని ముందుకు సాగును, ఆ యసత్యము ముచ్చటైన వర్ణక్రమముతో లెక్కలో చేరిపోవును. మొదటి కొన్ని నెలలు హెచ్చరికతో సరిపెట్టి, జాబితాకు వెలుపల వ్రాయబడిన మాటలను ప్రోగుచేసి, వానిని బట్టి జాబితాను సవరించి, పిమ్మట ద్వారము మూయుట న్యాయము. మరణకారణముల జాబితాకు కాలానుగుణ సవరణ విధించినవారు చేసినదియు ఇదియే. ఆ ద్వారమైనను సంపూర్ణముగా మూయబడదు: వేఱొకచోటినుండి కాపీచేసి తెచ్చిన మాటను గడిలో అతికించినచో వాలిడేషన్ దానిని అడ్డుకొనజాలదు. నియమము పెట్టుటకు పూర్వమే గడిలో నున్న తప్పులనుకూడ అది తనంతట పట్టుకొనదు. సర్కిల్ ఇన్‌వాలిడ్ డేటా అను ఆజ్ఞ నిచ్చినచో మాత్రము వాని చుట్టు ఎఱ్ఱని వలయములు గీసి చూపును.

ఒక జాబితాలోని యెంపికను బట్టి రెండవ జాబితా మాఱు పద్ధతి ఈ విద్యలో మిక్కిలి ప్రియమైనది. జిల్లా నెన్నుకొన్నచో ప్రక్కగడిలో ఆ జిల్లాలోని మండలములు మాత్రమే దిగును. ప్రతి జిల్లా మండలముల వరుసకు ఆ జిల్లా పేరే పెట్టి, ఇండైరెక్ట్ అను సూత్రముతో రెంటిని కలుపుట వాడుక. ఇందొక చిక్కు కలదు: ఎక్సెల్‌లో గడుల వరుసకు పెట్టు పేరులో ఖాళీ యుండరాదు గనుక తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి వంటి రెండుమాటల జిల్లాలు అచ్చటనే తడబడును, సబ్‌స్టిట్యూట్ సూత్రముతో ఖాళీకి బదులు క్రిందిగీత చేర్చి దానిని దాటవలెను. ఇది చిన్న చిక్కు. తెలుగునాట జిల్లాల పట్టిక నుంచుకొన్నవారికి కలిగిన పెద్ద చిక్కు చరిత్రనుండి వచ్చినది.

1985లో ఆంధ్రప్రదేశమున తాలూకాలకు బదులు మండలములు ఏర్పడి, వాని సంఖ్య సుమారు 1,100కు చేరినది. 2005లో కడప పేరును ఆంగ్లలిపిలో వ్రాయు తీరు మాఱినది. 2010లో ఆ జిల్లాకు వై.ఎస్.ఆర్. పేరు వచ్చినది. 2014 జూన్ 2న ఉమ్మడి రాష్ట్రపు 23 జిల్లాలు 13గను 10గను విడిపోయినవి. 2016 విజయదశమినాడు తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయినవి, 2019లో 33 అయినవి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశమున 13 జిల్లాలు 26 అయినవి. విజయవాడ కృష్ణాజిల్లానుండి ఎన్టీఆర్ జిల్లాలోనికి పోయినది. జిల్లాల పేర్లను సోర్స్ పెట్టెలో కామాలతో వ్రాసి పెట్టినవారు ప్రతి పర్యాయమును ప్రతి పట్టికను తెఱచి దిద్దుకొనవలసి వచ్చెను. ఒక పుటలో వరుసగా నుంచినవారికి ఒక్కచోట దిద్దిన చాలెను.

దిద్దుటతో పని ముగియుట లేదు. జాబితాలో పేరు మార్చినను, అంతకుముందే గడులలో ఎన్నుకొనబడిన పాత పేరు మాఱదు. అది తప్పుగా నిలిచిపోయినట్లు కనిపించును. నిజమునకు అది తప్పు కాదు. శబరి గోదావరిలో కలియు చోటనున్న కూనవరమునే తీసికొనుడు. భద్రాచల ప్రాంతముతోపాటు అది 1959 వఱకు తూర్పు గోదావరి జిల్లాలో నుండి, ఆ యేట ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో ఆంధ్రప్రదేశమునకు వచ్చి మరల తూర్పు గోదావరియైనది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిసినది. నేల కదలలేదు, నదులు కదలలేదు. అచ్చటనే పుట్టి పెరిగిన వృద్ధుని జనన ధ్రువపత్రము, పాఠశాల పత్రము, ఓటరు గుర్తింపు, పింఛను కాగితము వేర్వేరు జిల్లాలను చెప్పవచ్చును, అన్నియు సత్యములే. నేటి డ్రాప్‌డౌన్ మాత్రమే ప్రమాణమని పాత పేర్లను ఒక్క ఆజ్ఞతో మార్చివేసినవాడు ఆ వృద్ధుని జీవితమునుండి ఖమ్మమును చెఱిపివేసినవాడగును. మార్పకయే విడిచినవాడు జిల్లావారీ మొత్తములను చెడగొట్టుకొనును.

ఈ రెండు దోషములను తప్పించుకొను మార్గము కలదు. జాబితాపుటలో ఊరిపేరు, జిల్లా పేరులతో ఆగక, ఆ ఊరు ఆ జిల్లాలో ఏ తేదీనుండి ఏ తేదీవఱకు ఉన్నదో తెలుపు రెండు నిలువు వరుసలను చేర్చవలెను; కేంద్ర పంచాయతీరాజ్ శాఖవారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామమునకు ఇచ్చిన సంకేతసంఖ్యను మొదటి వరుసలో నుంచినచో పేరెన్నిమార్లు మాఱినను గ్రామము తప్పిపోదు. ఎక్సెల్ క్రొత్త ప్రతులలోని ఫిల్టర్ సూత్రముతో, పత్రముపై వేసిన తేదీనాటికి చెల్లు వరుసలను మాత్రమే వేఱొక చోట దింపి, ఆ వరుస మొదటిగడి చిరునామా చివర హాష్ గుర్తు చేర్చి సోర్స్‌గా నిచ్చినయెడల, 1975 నాటి కాగితమును నమోదుచేయువానికి కూనవరము ప్రక్కన ఖమ్మమును, 2015 నాటి కాగితమును నమోదుచేయువానికి తూర్పు గోదావరియు దిగును. ఈ తేదీలను సేకరించుటకు పాత రాజపత్రములను వెదకవలసియుండును. ఆ పని సాఫ్ట్‌వేర్ చేయదు. మండల కార్యాలయమున కూర్చుండి, ఊళ్ల చరిత్ర నెరిగిన పెద్దల నడిగి, ఒక్కొక్క వరుస నింపువారు చేయవలసినది.