సూక్ష్మ ఆహార శుద్ధి యూనిట్లకు 35 శాతం రాయితీ: ఎవరికి, ఎలా?

భిలాయ్ (ఛత్తీస్‌గఢ్): ఉక్కు కర్మాగార నిర్మాణ కాలంలో కార్మికుల శిబిరంగా ఏర్పడిన భిలాయ్ క్యాంప్ 1లో తెలుగు కుటుంబాలు దశాబ్దాలుగా నివసిస్తున్నాయి. ఇటువంటి బస్తీల్లో ఇంటివద్ద పచ్చళ్లు, అప్పడాలు, జంతికలు తయారుచేసి అమ్ముకునేవారికీ వర్తించే కేంద్ర పథకం ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల క్రమబద్ధీకరణ పథకం (పీఎంఎఫ్ఎంఈ).

నేపథ్యం: ఆత్మనిర్భర్ భారత్‌లో భాగంగా 2020 జూన్ 29న ప్రారంభమైన ఈ పథకానికి ఐదేళ్లకు రూ.10,000 కోట్లు ప్రతిపాదించారు. గడువును తరువాత 2025-26 వరకు పొడిగించారు. వ్యయాన్ని చాలా రాష్ట్రాల్లో కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాల్లో ఇది 90:10.

వ్యక్తులకు: అర్హమైన ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు రాయితీ లభిస్తుంది. లబ్ధిదారు కనీసం 10 శాతం సమకూర్చుకోవాలి. మిగిలినది బ్యాంకు రుణం. ఉదాహరణకు రూ.6 లక్షల యూనిట్‌కు సొంత వాటా రూ.60 వేలు, రాయితీ రూ.2.10 లక్షలు.

రాయితీ నేరుగా చేతికి రాదు: ఈ మొత్తాన్ని రుణమిచ్చిన బ్యాంకులోనే లబ్ధిదారు పేరిట ప్రత్యేక ఖాతాలో జమచేస్తారు. రుణం చివరి విడత విడుదలైన మూడేళ్ల తరువాత కూడా వాయిదాలు సక్రమంగా చెల్లిస్తూ, యూనిట్ నడుస్తూ ఉంటేనే దానిని లబ్ధిదారు ఖాతాకు సర్దుబాటు చేస్తారు. ఈలోగా ఖాతా మొండి బకాయిగా మారితే బ్యాంకు ఆ సొమ్మును బాకీకి జమకట్టుకుంటుంది.

స్వయం సహాయక సంఘాలకు: నిర్వహణ మూలధనం, చిన్న పనిముట్ల కోసం సభ్యురాలికి రూ.40 వేల చొప్పున ప్రారంభ మూలధనం అందుతుంది. ప్రభుత్వం దీనిని సంఘాల సమాఖ్యకు గ్రాంటుగా ఇచ్చినా, సభ్యులకు అది రుణమే. తిరిగి సంఘానికి చెల్లించాలి.

పంపిణీకి: రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, స్వయం సహాయక సంఘాలు, సహకార సంఘాలు ఉమ్మడిగా చేపట్టే బ్రాండింగ్, మార్కెటింగ్‌కు 50 శాతం సాయం ఉంది.

దరఖాస్తు: కేంద్ర ఆహార శుద్ధి పరిశ్రమల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో సమర్పించాలి. కుటుంబంలో ఒక్కరే అర్హులు. ప్రాజెక్టు నివేదిక, బ్యాంకు రుణం, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ విషయాల్లో జిల్లా రిసోర్స్ పర్సన్ సహకరిస్తారు. వారి పారితోషికాన్ని పథకం నిధుల నుంచే చెల్లిస్తారు. భిలాయ్ వాసులు దుర్గ్‌లోని జిల్లా వ్యాపార, పరిశ్రమల కేంద్రాన్ని సంప్రదించవచ్చు. యంత్రాలకు బయానా ఇచ్చే ముందే దరఖాస్తులు స్వీకరిస్తున్నదీ లేనిదీ అక్కడ నిర్ధారించుకోవడం మేలు.