పాత కంప్యూటరునకు కొత్త వడి

పల్నాటిలోని అచ్చంపేట వంటి ఊరిలో ఒక ఇంట పది సంవత్సరముల నాటి కంప్యూటరు ఉన్నదనుకొందము. లెక్కలు వ్రాసికొనుటకు, పాఠములు చూచుటకు అది నేటికిని చాలును. కాని ఇంటి కుర్రవాడు కొత్త ఆట నొకదానిని అందులో పెట్టగానే తెరమీది బొమ్మలు తడబడి, ఆగి ఆగి నడచును. మిరపకు ధర పలుకని యేట తండ్రి కొత్త యంత్రము మాట ఎత్తనీయడు. అప్పుడు పుట్టు ప్రశ్న ఒక్కటే: ఉన్నదానినే త్వరగా పరుగెత్తించుటకు వీలు లేదా? ఈ ప్రశ్న వయస్సు ఇంటి కంప్యూటరు వయస్సంత.

కంప్యూటరులో లెక్కలు చేయు భాగము ప్రోసెసరు. కోలాటమునందు అందరును ఒకే తాళమునకు అడుగు వేసినట్లు, ప్రోసెసరులోని ట్రాన్సిస్టరులన్నియు ఒకే స్పందనమునకు లోబడి పనిచేయును. ఆ తాళమునకు మూలము ఒక చిన్న క్వార్ట్జు స్ఫటికము. సెకనుకు పది లక్షల స్పందనములైనచో దానిని ఒక మెగాహెర్ట్జు అందురు. తయారు చేసినవారు నిర్ణయించిన వేగమును మించి ఈ తాళమును వేయించుటకే ఓవర్‌క్లాకింగ్ అని పేరు. తాళము మరీ త్వరపడినచో ఒక అడుగు ముగియకముందే రెండవ దెబ్బ పడును, లెక్క తప్పును, యంత్రము నిలిచిపోవును. అయినను కొంత వెసులుబాటు ఎప్పుడును ఉండును. ఏలయన, తయారీదారులు తమ చిప్పు ఎంత వేడిలోనైనను, వోల్టేజి కొంత తగ్గినను తప్పకుండునట్లు, సురక్షితమైన వేగమునే దానిపై ముద్రింతురు.

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరు వేగము 4.77 మెగాహెర్ట్జులు. ఇంత విచిత్రమైన సంఖ్య ఎచటినుండి వచ్చినది? అమెరికాలోని రంగుల టెలివిజనుకు 3.58 మెగాహెర్ట్జుల సంకేతము అవసరము. దానికి నాలుగు రెట్లయిన 14.318 మెగాహెర్ట్జుల స్ఫటికము నొకదానిని అమర్చి, దానిని మూడుచే భాగించి ప్రోసెసరుకు ఇచ్చిరి. ప్రోసెసరు వడిని టెలివిజను నిర్ణయించినదన్నమాట! ఆనాటి ఆటలు కొన్ని ఈ వేగమునే గడియారముగా నమ్ముకొని వ్రాయబడినవి. తరువాతి యంత్రములలో అవి అదుపు తప్పి పరుగెత్తెను. అందుచే యంత్రము ముందు భాగమున ‘టర్బో’ అను మీట నొకదానిని పెట్టిరి. పేరునకు అది వేగపు మీట. నిజమునకు ఆటగాడు దానిని వాడినది వేగము తగ్గించుటకే.

1984లో వచ్చిన ఐ.బి.ఎం. ఎ.టి. యంత్రము 6 మెగాహెర్ట్జులతో నడచెను. అందులోని స్ఫటికము 12 మెగాహెర్ట్జులది. దానిని ఊడదీసి 16 మెగాహెర్ట్జులదానిని గుచ్చినచో ప్రోసెసరు 8కి చేరును. కొద్దిపాటి ఖర్చుతో మూడవవంతు వేగము కలిసివచ్చినది. సంస్థకు ఇది రుచించలేదు. తరువాతి యంత్రములు ప్రారంభమగునపుడే తమ వేగమును తామే కొలిచికొని, హద్దు మీరినచో పని చేయకుండునట్లు ఏర్పాటు చేసినది.

వడి ఒక్కటియే కాదు, మెమరీ చాలకపోవుటయు ఆనాటి బాధయే. 1982లో బ్రిటనులో వెలువడిన జడ్.ఎక్స్. స్పెక్ట్రమ్ 16 కిలోబైట్లతో ఒకటి, 48 కిలోబైట్లతో ఒకటి దొరకెడిది. చిన్నది కొన్నవారు పిమ్మట చిప్పులు చేర్చి పెద్దదిగా మార్చుకొనవచ్చును. ఆ అదనపు 32 కిలోబైట్లకు సింక్లెయిర్ సంస్థ వాడిన చిప్పులలో ఒక సగము చెడిపోయినవి ఉండెను. రెట్టింపు మెమరీ గల చిప్పులలో లోపమున్నవానిని చౌకగా కొని, బాగున్న సగమును మాత్రమే వినియోగించిరి. సగము పుచ్చిన వంకాయను కోసి, బాగున్న ముక్కను కూరలో వేసినట్టి పొదుపిది. హైదరాబాదులో పెరిగిన సత్య నాదెళ్లకు పదునైదవ యేట తండ్రి బ్యాంకాకు నుండి తెచ్చి యిచ్చినది ఈ స్పెక్ట్రమ్ కిట్టే.

అయితే తెలుగు పిల్లలలో ఎందరికి అట్టి అవకాశము? 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను కంప్యూటరులను తయారు చేసినను, అవి పరిశోధనశాలలకు, కార్యాలయములకు ఉద్దేశింపబడినవే. 1984–85లో కేంద్రప్రభుత్వము ‘క్లాస్’ అను పథకము క్రింద దేశమున సుమారు 250 పాఠశాలలకు బి.బి.సి. మైక్రో యంత్రముల నిచ్చినది. దాని ప్రోసెసరు వేగము 2 మెగాహెర్ట్జులు. మెమరీ 32 కిలోబైట్లు. ముందుచూపుతో చేసిన యంత్రమది: లోపల ఖాళీ గూళ్ళుంచి, కావలసినపుడు చిప్పులు గుచ్చికొమ్మనిరి. 1984లోనే కేంబ్రిడ్జి విద్యార్థు లిద్దరు, డేవిడ్ బ్రాబెన్, ఇయన్ బెల్ అనువారు, ఆ 32 కిలోబైట్ల లోపలనే అంతరిక్షములో తిరిగెడి ‘ఎలీట్’ అను ఆటను ఇమిడ్చిరి. నేటి ఆటలు కొన్ని 100 గిగాబైట్లు మించుచున్నవి. పాత యంత్రము అలసినదనుటకంటె కొత్త ఆట బరువెక్కిన దనుటయే న్యాయము.

1992లో ఇంటెల్ సంస్థ 486 డి.ఎక్స్.2 చిప్పును తెచ్చినది. మదర్‌బోర్డు 33 మెగాహెర్ట్జుల వద్దనే యుండగా, చిప్పు లోపల 66 మెగాహెర్ట్జులు. నాటినుండి వేగము రెండు సంఖ్యల లబ్ధమైనది: బోర్డు తాళమును చిప్పులోని గుణకముచే హెచ్చించవలెను. ఓవర్‌క్లాకింగ్ కథలో అందరు చెప్పుకొను సెలరాన్ 300ఎ దీని సంతానమే. 1998 ఆగస్టులో వచ్చిన ఈ చవుక చిప్పు గుణకము 4.5, బోర్డు తాళము 66, వేగము 300. బోర్డు తాళమును 100కు మార్చినచో 450! అదే నెలలో, ధరలో నాలుగు రెట్లు మించిన పెంటియమ్ 2 చిప్పు వేగము కూడ 450 మెగాహెర్ట్జులే. సెలరానులోని చిన్న కాషె మెమరీ ప్రోసెసరుతో సమానవేగమున నడచుటచే, ఆటలలో అది పెద్దన్నకు దాదాపు సాటి వచ్చెను. ఈ వెసులుబాటును దుర్వినియోగము చేసినవారును లేకపోలేదు. తక్కువ వేగపు చిప్పులపై ముద్ర చెరిపి, ఎక్కువ వేగమును ముద్రించి అమ్మిన వ్యాపారులుండిరి. గుణకములను ఇంటెల్ బిగించివేయుటకు ఈ మోసము ఒక కారణము.

ఇక వేడి సంగతి. చిప్పు ఖర్చు చేయు విద్యుత్తు పౌనఃపున్యముతో సమానముగా, వోల్టేజి వర్గముతో సమానముగా పెరుగును. వేగము 15 శాతము, దానిని నిలుపుటకై వోల్టేజి 10 శాతము పెంచినచో, 1.15ను 1.21చే హెచ్చించవలెను, సుమారు 1.39 వచ్చును. 65 వాట్ల చిప్పు 90 వాట్లు తినును. లోహపు రెక్కలు, ఫాను కలిసి వాటుకు అర డిగ్రీ చొప్పున వేడి నిలుపుననుకొన్నచో, చిప్పు గదికంటె 45 డిగ్రీలు హెచ్చుగా కాగును. 25 డిగ్రీల శీతలదేశపు గదిలో అది 70, భయము లేదు. కాని పల్నాటి రెంటచింతలలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుట అరుదు కాదు. ఇంటిలోపల 40 అనుకొన్నను చిప్పు 85కు చేరును. పెట్టె లోపలి గాలి వేడిని కూడ కలిపిన 90 దాటును. నేటి చిప్పులు సుమారు 100 డిగ్రీల వద్ద తమ్ముతాము కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. కష్టపడి పెంచినది మే మాసపు మధ్యాహ్నమున ఆవిరియై పోవును. పరదేశీయుల పట్టికలు చూచి అంకెలు దింపుకొనువారు ఈ సంగతి మరతురు.

వేగము ఇట్లే పెరుగుచు పోవునని ఒకప్పుడు అందరు నమ్మిరి. ట్రాన్సిస్టరు చిన్నదైనకొలది దాని వోల్టేజియు తగ్గును, వేడి అదుపులో ఉండునని 1974లో రాబర్ట్ డెన్నార్డు, అతని సహచరులు చూపిరి. 2005 ప్రాంతమున ఆ లెక్క చెదరినది. మరీ చిన్న ట్రాన్సిస్టరులలో విద్యుత్తు కారిపోవుట మొదలైనది. 2004 అక్టోబరులోనే ఇంటెల్ తన 4 గిగాహెర్ట్జుల పెంటియమ్ 4ను విరమించుకొనెను. తరువాత ఒక చిప్పులో రెండు, నాలుగు ప్రోసెసరులను పొదుగుట వచ్చినది. 2008 నుండి వేడికి తావున్నంతవరకు చిప్పే తన వేగమును పెంచుకొనుచున్నది. మనుష్యుడు పెంచుటకు మిగిలినది స్వల్పము. అదియు గుణకము బిగింపని కొన్ని చిప్పులకే.

ఆ స్వల్పము వలన ఆటకు ఎంత మేలు? జీన్ అమ్‌డాల్ 1967లో చూపిన లెక్క ఇచట పనికివచ్చును. ఒక్కొక్క చిత్రము గీయుటకు పట్టు కాలములో ప్రోసెసరు వంతు 30 శాతమే అనుకొనుడు. దాని వేగమును 20 శాతము పెంచినచో ఆ 30, 25 అగును. మొత్తము 100 కాస్త 95 అగును. శ్రమకు ప్రతిఫలము 5. మిగిలిన 70 శాతము బొమ్మలు గీయు గ్రాఫిక్స్ కార్డుది. లోపము ఎచట ఉన్నదో తెలిసికొనుటకు పైసా ఖర్చులేని పరీక్ష కలదు: ఆటలో చిత్రపు చుక్కల సంఖ్యను తగ్గించి చూడవలెను. ఆట చురుకైనచో లోపము గ్రాఫిక్స్ కార్డుది; మార్పు లేనిచో ప్రోసెసరుది. కార్డు మార్చదలచినవారు ముందుగా పవర్ సప్లయి ఎన్ని వాట్లదో చూచుకొనవలెను.

ఆట తెరుచుకొనుటకే నిమిషములు పట్టినచో నేరము హార్డ్ డిస్కుది. నిమిషమునకు 7200 చుట్లు తిరుగు పళ్ళెము ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకనులు తీసికొనును. కావలసిన చోటు ఎదుటికి వచ్చుటకు సగటున అందులో సగము, చదువు ముల్లు కదలుటకు మరికొంత. తిరుగు భాగములు లేని ఎస్.ఎస్.డి. అదే పనిని మిల్లీసెకనులో పదియవ వంతునకు అటునిటుగా ముగించును. పాత యంత్రమునకు నేడు చేయదగిన చికిత్సలలో ఇంతటి గుణమిచ్చునది మరొకటి లేదు.

2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్టు విండోస్ 10కు ఉచిత పోషణను ముగించినది. పది సంవత్సరముల నాటి ప్రోసెసరులను విండోస్ 11 అంగీకరింపదు. అట్టి యంత్రము చక్కగా పనిచేయుచున్నను పనికిరానిదిగా లెక్కకు వచ్చును. పాఠశాలలలోని పాత కంప్యూటరులకు ఇదే గతి. లినక్సు వేసి వానిని మరికొన్నేండ్లు నడపవచ్చును. పెట్టె విప్పి దుమ్ము దులిపి, ఎండిన ఉష్ణలేపమును మార్చినచో ఫాను రొదయు తగ్గును. వీలున్న యంత్రములలో వోల్టేజిని ఒక పదవ వంతు తగ్గించి చూచుటయు కలదు. వేగము మారకుండగనే చిప్పు ఖర్చు 0.9 వర్గమునకు, అనగా 81 శాతమునకు దిగును; 65 వాట్ల చిప్పు సుమారు 53 వాట్లతో సరిపెట్టుకొనును. అన్ని చిప్పులు దీనికి ఒప్పవు. ఒప్పినవి రెంటచింతల ఎండలోనైనను ఆరు డిగ్రీలు చల్లగా నడచును.