అట్టు కథ

హైదరాబాదు నగరపు తూర్పుకొసను చంపాపేటలోని మా యింట ఉదయము పెనము పొయ్యి నెక్కగానే, ఉల్లిగడ్డ ముక్కను నూనెలో ముంచి దానిపై రుద్దుదురు. పిమ్మట గరిటెడు పిండి పోయుదురు. ఈ చిన్న పనికి వయస్సెంతయో మేము చాలకాలము విచారింపలేదు.

స్వీడను దేశపు అట్టును గూర్చి చదివినప్పుడు మాకు ఆ విచారము కలిగినది. దానిని అక్కడివారు ‘పన్‌కాక’ అందురు. గోధుమపిండి, పాలు, కోడిగ్రుడ్లు, కరిగిన వెన్న కలిపి, పలుచగా పోసి, పండ్ల మురబ్బాతో తిందురు. గురువారమునాడు బఠాణీల చారును, దాని వెంట ఈ అట్టును వడ్డించుట వారి పాత ఆచారము. శుక్రవారపు ఉపవాసమునకు ముందు కడుపునిండ తినుటనుండి అది వచ్చినదందురు. చిన్న అట్లకు ఏడు గుంతల ఇనుప పెనము వేరుగా కలదు. మన గుంతపొంగణాల పెనము నెరిగినవారికి అది వింతగా తోచదు.

అట్టు విరుగక నిలుచుటకు వారు గ్రుడ్డును నమ్మిరి. మనవారు పప్పును నమ్మిరి. గ్రుడ్డు వేడికి గట్టిపడి పిండిని పట్టియుంచును. మన యిండ్లలో ఆ పని రుబ్బిన మినుముల జిగురు చేయును. రాత్రి పులిసిన పిండి పొంగి అట్టుకు గుల్లదన మిచ్చును. పెసరట్టునకు పులియబెట్టుటయు అక్కరలేదు.

మాకు చేరువనున్న కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి ఆలయమును కాకతీయ రెండవ ప్రోలరాజు కట్టించెనని ఈ ప్రాంతమున చెప్పుకొందురు. ఆ ప్రోలరాజు కల్యాణి చాళుక్యుల సామంతుడు. ఆ చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున ‘మానసోల్లాసము’ అను సంస్కృత గ్రంథమును రచించెను. రాజనీతి, గజశాస్త్రము, సంగీతములతోపాటు భోజనమును గూర్చియు అందు వ్రాసెను. అందులో ‘ధోసక’ మను వంటకము కలదు. రుబ్బిన పప్పును నూనె పూసిన పెనముపై కాల్చుటయే దాని విధానము; బియ్యము ప్రసక్తి లేదు. నేటి హోటలు దోసెకంటె మన పెసరట్టే దానికి దగ్గరి చుట్టము. నాటి కల్యాణి నేడు కర్ణాటకములోని బసవకల్యాణము. 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రములోనిదే.

ఇది తెలిసి మేము మొదట గర్వపడితిమి, పిమ్మట సిగ్గుపడితిమి. రాజు వ్రాసినది వంటయింటివారి విద్య. వారి పేళ్లు అందు లేవు. మా యింట మాత్రము ఏమి మిగిలినది? మా తల్లిగారు సోలతో మినుములు కొలిచెడివారు. బియ్యము మాత్రము చేతి అంచనాయే. ఆమె గతించిన పిదప ఆ పాలు ఎవ్వరికిని తెలియదాయెను. ఏండ్లతరబడి నూనె కాగి నల్లని నునుపు పట్టిన ఆమె పెనమును, క్రొత్త పెనము వచ్చినదని మేము అటక మీదికి చేర్చితిమి.

మొన్న దానిని దింపితిమి. మొదటి మూడట్లు అంటుకొని చిరిగినవి. నాల్గవది చక్కగా లేచి వచ్చినది.

శ్రోతలు తమ యింటి పెద్దల నడిగి పప్పెంత, బియ్యమెంత, నానుట యెంతసేపో నేడే ఒక కాగితముపై వ్రాసికొందురుగాక. పైన ఆ పెద్దల పేరును వ్రాయుట మరువకుందురుగాక.