అండమాన్ విమానం దిగాలా, వెనుదిరగాలా: నిర్ణయించేది గాలే

దక్షిణ అండమాన్‌లోని బ్రూక్షాబాద్ వాసులు ప్రధాన భూభాగానికి చేరడానికి రెండే దారులు: ఓడ, విమానం. విశాఖపట్నం సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. ఓడలో రెండు రోజులకు పైగా పడుతుంది. చెన్నైకి విమానంలో సుమారు రెండు గంటలు చాలు. అందుకే రోగులకు, విద్యార్థులకు శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్)లోని వీర్ సావర్కర్ విమానాశ్రయమే ప్రధాన ఆధారం. ఇక్కడ 2023 జూలై 18న కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. అయినా, దిగవలసిన విమానం కొన్నిసార్లు వెనుదిరుగుతుంది.

విమానాన్ని పైకి నిలిపేది రెక్కల మీదుగా సాగే గాలి వేగం. నేలపై ఎంత వేగంగా కదులుతోందన్నది వేరే లెక్క. గాలితో పోల్చితే గంటకు 260 కిలోమీటర్ల వేగంతో దిగే విమానానికి 15 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే, చక్రాలు నేలను తాకే వేగం 245 కిలోమీటర్లే. అదే గాలి వెనుక నుంచి వీస్తే 275 కిలోమీటర్లు. గతిశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, బ్రేకులు అణచవలసిన శక్తి సుమారు నాలుగో వంతు పెరుగుతుంది. తడిసిన రన్‌వేపై ఆగడానికి మరింత దూరం కావాలి. అందుకే అనేక ప్రయాణిక జెట్ విమానాలకు వెనుకగాలి పరిమితి 10 నుంచి 15 నాట్లు మాత్రమే.

సాధారణంగా పైలట్లు ఎదురుగాలి ఉన్న వైపును ఎంచుకుంటారు. ఇక్కడ ఆ వెసులుబాటు తక్కువ. సుమారు 3,300 మీటర్ల ఏకైక రన్‌వే ఒక చివర ఎత్తైన నేల ఉండటంతో, విమానాలు సాధారణంగా ఒకే వైపు నుంచి దిగి, అటువైపే ఎగురుతాయి. కనుక దిగేటప్పుడు అనుకూలించే గాలి ఎగిరేటప్పుడు ప్రతికూలిస్తుంది. రుతుపవనాల కాలంలో గాలికి తోడు వాన, మసక దృశ్యం చేరతాయి.

అలాంటప్పుడు సమీపంలో మరో పెద్ద పౌర విమానాశ్రయం లేదు. కాబట్టి చెన్నై, కోల్‌కతా వంటి నగరాలకు తిరిగి చేరగలిగేంత ఇంధనాన్ని ముందుగానే నింపుకుంటారు. ఆ బరువు మేరకు మోయగల సరుకు తగ్గవచ్చు. వెనుదిరగడం వైఫల్యం కాదు, బయలుదేరకముందే లెక్కలో చేర్చుకున్న భద్రతా నిర్ణయం. వైద్యానికో, పరీక్షకో వెళ్లేవారు వానాకాలంలో ఒకటి రెండు రోజుల వ్యవధి ఉంచుకోవడం శ్రేయస్కరం.