ఫిరంగి

ఫిరంగి అంటే మనకు తోపే. దక్కనులో అది కత్తి పేరు కూడా. పడమటి యూరపువాళ్లను అరబ్బులు, పారశీకులు ఫ్రాంకు జాతి పేరుతో ‘ఫరంజ్’, ‘ఫరంగ్’ అన్నారు. సముద్రం దాటి వచ్చిన తిన్నని యూరపు అలుగుకు ఇక్కడి పిడి బిగిస్తే అది ఫిరంగి కత్తి.

టర్కీవాళ్ల పేరు వేరు: రూమీ. బిజాపురంలోని మాలిక్-ఎ-మైదాన్ తోపును 1549లో పోత పోసిన మహమ్మద్ బిన్ హుసేన్ కూడా రూమీయే.

కర్నూలు, కడప నవాబులు పఠాన్లు, రూమీలు కారు. అయినా వాళ్ల కాలపు వంకర కత్తి కనిపిస్తే ‘టర్కీది’ అనేయడం తేలిక. (అంటే ధర కూడా పెరుగుతుంది మరి!) టర్కీ ఒట్టోమన్ల వంకర కత్తి కిలిజ్. దాని అలుగు సాధారణంగా కొన దగ్గర వెడల్పవుతుంది, అక్కడ వెనకంచు కూడా పదునే, పిడి చివర పిస్తోలు పిడిలా వంగుతుంది. పిడి చివర పళ్లెంలా గుండ్రటి బిళ్ల ఉంటే అది హిందుస్తానీ తల్వారు పిడి.

కానీ అలుగొక దేశానిది, పిడొక దేశానిది కావడం మామూలే. పిడి చూసి ఊరు చెప్పేవాళ్లను అలుగు మీద ముద్ర కూడా చూడమనండి. యూరపు ముద్రలకు మన దేశంలోనే నకళ్లు కొట్టారు, అదీ గుర్తుంచుకోండి.