ఒమన్‌లో బడి రోజులకు ఫ్రీజర్ టిఫిన్లు

ఒమన్‌లో సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం తెల్లారితే మళ్లీ బడి. మా పిల్లల బస్సు 6:30కి వచ్చేస్తుంది, ఆ హడావిడిలో ఖాళీ కడుపుతో పరుగెత్తడమే. అందుకే శుక్రవారం పిండి రుబ్బుకుని శనివారం ఇడ్లీలు వేసి ఫ్రీజర్‌లో పెట్టేస్తాను. గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల ఇడ్లీరవ్వకు 30 దాకా వస్తాయి.

అసలు జాగ్రత్తంతా చల్లార్చడంలోనే. మస్కట్‌లో వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని వంటగదిలో వండినదాన్ని గంటకు మించి బయట ఉంచకండి, చల్లటి గదిలోనైనా రెండు గంటలే. ఇడ్లీలను పళ్లెంలో విడివిడిగా పరిచి, ఫ్యాను కింద ఆవిరి పోయాక, పళ్లెంతో సహా ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక జిప్ కవర్లో వేసి, గాలి తీసేసి, తేదీ రాయండి. ఒకదానికొకటి అంటుకోవు, కావలసిన నాలుగే తీసుకోవచ్చు. మైనస్ 18 డిగ్రీల్లో నెల దాకా రుచి బాగానే ఉంటుంది.

పొద్దున కరగబెట్టే పని లేదు. గడ్డకట్టినవాటినే ఇడ్లీపాత్రలో పెట్టి, లోపలిదాకా వేడెక్కేలా 8, 10 నిమిషాలు ఆవిరి పట్టండి. మైక్రోవేవ్ అయితే తడిగుడ్డ కప్పాలి, లేకుంటే రాళ్లే! మిగిలినవి మళ్లీ ఫ్రీజర్‌లోకి వద్దు.

పెసరట్లయితే కాల్చి, మధ్య మధ్య బటర్ పేపర్ పెట్టి దాచుకోవచ్చు. పెనం మీద వేడిచేస్తే సరి, కరకర మాత్రం ఆశించకండి. కొబ్బరి చట్నీని తాలింపు లేకుండా చిన్న డబ్బాల్లో పెట్టి, ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దించండి, తాలింపు పొద్దున వేసుకోవచ్చు. వండిన ఉప్మా నీరు వదిలేస్తుంది, వేయించిన రవ్వ దాచుకోవడమే మేలు. పూరీ కూరలో బంగాళాదుంప ఇసుకలా అయిపోతుంది, దాన్ని అప్పటికప్పుడే చేసుకోండి.