మామా అల్లుళ్ల రాయి

లాసా నగరంలో, జోఖాంగ్ గుడి ముందు ఒక రాతిస్తంభం ఉంది. 823లో నిలబెట్టారు. దాని పడమటి ముఖం మీద ఒకే ఒప్పందాన్ని టిబెటన్‌లోనూ చైనీస్‌లోనూ పక్కపక్కనే చెక్కారు. ఉర్దూలో సుల్హ్‌నామా, తెలుగులో సంధిపత్రం. ఇంట్లో ఒక భాష, కాగితం మీద మరో భాషగా బతికే నాబోటివాడికి ఆ రాయి మీద కాస్త ఈర్ష్య. అక్కడ ఏ భాషా రెండోదాన్ని సంజాయిషీ అడగదు.

ఆ రాయి ఊరికే లేవలేదు. టిబెట్‌కూ చైనా తాంగ్ సామ్రాజ్యానికీ తరాల తరబడి యుద్ధం. 641లో వెన్‌చెంగ్, 710లో జిన్‌చెంగ్ అనే చైనా రాకుమార్తెలు టిబెట్ రాజుల ఇంటికి కోడళ్లుగా వెళ్లారు. పెళ్లిళ్లు కత్తుల్ని ఆపలేదు. 763లో టిబెట్ సేనలు చైనా రాజధాని ఛాంగాన్‌నే కొద్దిరోజులు పట్టుకున్నాయి. చివరికి 821లో ఛాంగాన్‌లో, మరుసటి ఏడు లాసాలో ఇరుపక్షాలూ ప్రమాణాలు చేశాయి.

ఆ పెళ్లిళ్ల వరస ప్రకారం శాసనంలో చైనా చక్రవర్తి మేనమామ, టిబెట్ రాజు మేనల్లుడు. తూర్పున ఉన్నది చైనా, పడమట ఉన్నది టిబెట్. ఒకరి నేల మీదికి ఒకరు వెళ్లకూడదు. నన్ను కదిలించిన షరతు ఇంకొకటుంది. ఎవరి మీదైనా అనుమానం వస్తే పట్టుకోవచ్చు, సంగతేమిటో అడగొచ్చు. ఆ తర్వాత బట్టలూ తిండిగింజలూ ఇచ్చి వెనక్కి పంపాలి. ‘షక్’ అనే మాట ఎంత బరువో తెలిసినవాళ్లు ఈ షరతును రెండుసార్లు చదువుతారు.

ఇప్పుడు ఆ రాయికి రెండు అర్థాలు చెబుతున్నారు. మామా అల్లుళ్లమని రాసుకున్నారు కదా, ఎప్పటినుంచో మనది ఒకే కుటుంబం అంటుంది చైనా ప్రభుత్వం. రెండు దేశాలు కాకపోతే సరిహద్దు ఎందుకు రాసుకున్నారంటారు స్వాతంత్ర్యం కోరే టిబెటన్లు. చుట్టరికం ఒకరికి కనిపిస్తుంది, హద్దు మరొకరికి కనిపిస్తుంది. రాయి మాత్రం రెండూ చెప్పింది.

అల్లుడు అమాయకుడేం కాదు. అతనూ ఊళ్లు గెలిచినవాడే. బలాబలాలు దాదాపు సరితూగినప్పుడే మామ సంధికి వచ్చాడు. 842 తర్వాత టిబెట్ సామ్రాజ్యం ముక్కలైంది, 907లో తాంగ్ వంశం అంతరించింది. 1950లో చైనా సైన్యం టిబెట్‌లోకి వచ్చేనాటికి అల్లుడి చేతిలో బలం లేదు. రాయి అక్కడే ఉంది, చదివి అడ్డుకునేవాడే లేడు.

‘మనమంతా ఒకటే’ అన్న మాట మాకూ కొత్త కాదు. మంచి మాటే. కానీ అది ఎవరి నోట, ఎప్పుడు వస్తోందో చూసుకోవాలి. ఒకటే అన్నవాళ్లు మా భాషకు పక్కన చోటిస్తారా? అనుమానం వచ్చిననాడు సంగతి విని, అన్నం పెట్టి ఇంటికి పంపుతారా? పన్నెండు వందల ఏళ్ల కిందట శత్రువులు కూడా ఆమాత్రం రాసుకోగలిగారు. చుట్టాలమనుకునేవాళ్లం మనం రాసుకోలేమా?